సర్వస్వామ్యములు గ్రంథకర్తవి

పాత తెలుగు పుస్తకములు అనేకములలో ముఖపత్రము వెనుక పుటను చూచినచో, అచ్చుకూటము పేరునకును వెలకును సమీపమున చిన్న అక్షరములతో ఒక వాక్యము కానవచ్చును: "సర్వస్వామ్యములు గ్రంథకర్తవి." కొన్నింట "సర్వహక్కులు గ్రంథకర్తవి" అనియు నుండును. కథ కొరకు తొందరపడు చదువరి ఆ పుటను చదువకయే దాటిపోవును. కాని ఆ రెండు మాటలలో ఒక ఒడంబడిక యున్నది. వ్రాసినవానికిని చదువువానికిని నడుమ చట్టము సాక్షిగా కుదిరిన ఒడంబడిక యది.

నేడు మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందు తెలుగు పుస్తకము లేని యిల్లు ఉండవచ్చును గాని సెల్‌ఫోను లేని యిల్లు అరుదు. ఉదయమున విడుదలైన చలనచిత్రము సాయంకాలమునకే ఎవరో పంపగా ఆ ఫోనులోనికి వచ్చుచున్నది. నిన్న అచ్చయిన పుస్తకము పుటపుటయు ఫొటో తీయబడి వాట్సాపులో తిరుగుచున్నది. దీనినే పైరసీ యందురు. సముద్రముపై ఓడలను దోచుట యని ఆ మాటకు మొదటి యర్థము. ఈ విషయమున చట్టము ఏమి చెప్పుచున్నది? మనవంటి అల్పసంఖ్యాక భాషావర్గమునకు ఇందువలన ప్రత్యేకముగ కలుగు నష్టమేమి? కావలసిన పుస్తకము దొరకనప్పుడు న్యాయమైన మార్గమేది? ఈ మూడు ప్రశ్నలకు ఇచట సమాధానము చెప్ప యత్నింతుము.

కాపీరైటు అనగా నేమి?

హరిశ్చంద్రుని కథ అందరిది. దానిని ఎవరైనను నాటకముగ వ్రాయవచ్చును. కాని ఒక రచయిత వ్రాసిన హరిశ్చంద్ర నాటకములోని పద్యములును సంభాషణలును ఆ రచయితవి. వానిని అచ్చొత్తించుటకు, అనువదించుటకు, చలనచిత్రముగ తీయుటకు, అంతర్జాలమున ఉంచుటకు అనుమతి నీయవలసినవారు వారే. ఇట్లు భావమును అందరికి వదలి, ఆ భావమును చెప్పిన తీరును మాత్రము కర్తకు దక్కించు హక్కునకే కాపీరైటని పేరు. పుస్తకములకే కాక పాటలకు, చిత్తరువులకు, ఛాయాచిత్రములకు, చలనచిత్రములకు, కంప్యూటరు ప్రోగ్రాములకు గూడ ఈ హక్కు కలదు.

ఇట్టి చట్టములలో మొదటిదిగా చెప్పబడునది 1710లో ఇంగ్లండున అమలులోనికి వచ్చినది. అంతకుముందు హక్కులన్నియు అచ్చువేయు వ్యాపారుల చేతిలో నుండెడివి. ఆ చట్టము గ్రంథకర్తను హక్కుదారునిగ గుర్తించినది. మన దేశమున 1847న ఈస్టిండియా కంపెనీ పాలనలో ఒక చట్టమును, ఆ పాలన ముగిసిన పిదప 1914న మరియొకటియు వచ్చినవి. స్వతంత్ర భారతమున 1957లో చేయబడిన కాపీరైటు చట్టము 1958 జనవరి 21 నుండి అమలులోనికి వచ్చి, పలుమార్లు సవరింపబడి నేటికిని నడచుచున్నది. ఒక దేశపు గ్రంథకర్త హక్కును ఇతర దేశములును మన్నించుటకై 1886లో బెర్న్ నగరమున ఒడంబడిక కుదిరినది. మన దేశము అందు భాగస్వామి.

ఈ హక్కు శాశ్వతము కాదు. గ్రంథకర్త జీవితకాలమును, ఆయన మరణించిన సంవత్సరము ముగిసిన పిదప 60 సంవత్సరములును మాత్రమే ఇది నిలుచును. మొదట ఈ గడువు 50 సంవత్సరములే. 1941లో కీర్తిశేషులైన రవీంద్రనాథ ఠాకూరు గ్రంథముల గడువు 1991తో తీరనుండగా, దానిని పొడిగింపవలెనని కోరిక వచ్చినది. ఆ సమయముననే ప్రభుత్వము పూనుకొని, 1992 సవరణముతో గడువును అందరికిని 60 సంవత్సరములు చేసినది.

విద్యార్థులు ఈ లెక్కను తామే వేసి చూడవచ్చును. గిడుగు రామమూర్తి పంతులుగారు 1940లో కీర్తిశేషులైరి. 1992 సవరణమునకు ముందటి గడువగు 50 దానికి చేర్చినచో 1990. కనుక 1991 జనవరి 1 నుండి ఆయన రచనలు లోకమునకు చెందినవి. విశ్వనాథ సత్యనారాయణగారు 1976లో మరణించిరి. వారి గ్రంథముల హక్కు 2036 చివరివరకు ఉండును. శ్రీశ్రీ మరణము 1983లో. ఆయన రచనల గడువు 2043తో తీరును. మన ఊరికి సమీపమునందే ఒక యుదాహరణ మున్నది. హోసూరునకు చేరువనున్న తొరపల్లి గ్రామమున 1878లో జన్మించిన చక్రవర్తి రాజగోపాలాచారిగారి రామాయణ, భారతములను ఎరుగనివారు అరుదు. 1958లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము పొందినది ఆయన తమిళ రామాయణమే. రాజాజీ 1972 డిసెంబరు 25న మరణించిరి. కావున ఆ గ్రంథముల హక్కు 2032 డిసెంబరు 31 వరకు నిలుచును. తొరపల్లిలో పుట్టిన రామాయణమైనను, తొరపల్లివారు దానిని నేడు అనుమతి లేక అచ్చొత్తింపరాదు. 2033లో ప్రపంచమున ఎవరైనను అచ్చొత్తింపవచ్చును.

నాటి నకలు, నేటి నకలు

నకలు వ్రాయుట ఎల్లప్పుడును తప్పుగా నుండలేదు. తాళపత్రముల కాలమున అది పుణ్యకార్యము. ఒక గ్రంథమునకు ప్రతి వ్రాయుటకు నెలలు పట్టెడిది. ప్రతులు లేనిచో గ్రంథము చెదలపాలయ్యెడిది. భారతము, భాగవతము మనవరకు వచ్చినవనిన అజ్ఞాతులైన లేఖకుల చేతిచలువయే కారణము. అచ్చుయంత్రము వచ్చిన పిదప నకలు వ్యాపారమైనది. క్యాసెట్టు, సి.డి. వచ్చిన పిదప దొంగప్రతి ప్రతి సంతకును చేరినది. అయినను క్యాసెట్టునుండి క్యాసెట్టునకు ఎక్కించిన పాట ప్రతిసారియు కొంత మసకబారెడిది. ప్రతి నకలునకు కొంత ఖర్చయ్యెడిది.

నేటి నకలునకు ఆ రెండు అడ్డంకులును లేవు. వేయవ ప్రతియు మొదటి ప్రతి వలెనే యుండును. ఖర్చు ఇంచుమించు సున్న. ఇంకొక విశేషము, ఒకసారి బయటికి పోయినదానిని వెనుకకు తెచ్చుట అసాధ్యము. పది మందికి పంపినవాడు పదిమందికే పంపితిననుకొనును. ఆ పదిమందిలో ఒక్కొక్కరు మరి పదిమందికి పంపినచో నూరు. ఇట్లే మరి మూడు మెట్లు ఎక్కునప్పటికి లక్ష.

చలనచిత్రముల దొంగప్రతులు

తెలుగు చిత్రసీమలో దీనికి పేరుపొందిన యుదాహరణము 2013 నాటిది. "అత్తారింటికి దారేది" చిత్రము విడుదలకు ముందే అందలి పెద్ద భాగము బయటికి పొక్కి, కృష్ణా జిల్లా పెడనలో సి.డి.ల రూపమున ప్రత్యక్షమైనది. చిత్రము తయారైన చోటినుండియే అది పోయినట్లు విచారణలో వెల్లడియైనది. అక్టోబరులో విడుదల చేయదలచిన చిత్రమును నిర్మాతలు తొందరపడి సెప్టెంబరు 27ననే విడుదల చేయవలసి వచ్చినది. ప్రజలు అప్పటికిని థియేటరులకు వెళ్లి ఆదరించుటచే చిత్రము ఘనవిజయము పొందినది. అట్టి యదృష్టము అన్ని చిత్రములకు పట్టదు.

తరువాతి కాలమున సి.డి.ల స్థానమును వెబ్‌సైట్లు ఆక్రమించినవి. 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు, అనుమతి లేక తెలుగు చిత్రములను చూపుచుండిన "ఐబొమ్మ" యను వెబ్‌సైటును నడిపినట్లు అభియోగము మోపి ఒక వ్యక్తిని అరెస్టు చేసిరి. ఇట్టి వెబ్‌సైట్లు ఉచితముగ చిత్రములు చూపుట ధర్మబుద్ధిచే ననుకొనుట పొరపాటు. చూచువారి కన్నుల యెదుట జూదపు యాప్‌ల ప్రకటనలను నిలిపి వారు ధనము గడింతురు. కొన్నిట నొక్కరాని చోట నొక్కినచో ఫోనులోనికి హానికరమగు ప్రోగ్రాము చొరబడి, బ్యాంకు వివరములను గూడ అపహరింపవచ్చును. పిల్లల చేతికి ఫోను ఇచ్చు తల్లిదండ్రులు దీనిని గమనింపవలెను. ఉచితమనుకొన్న చిత్రమునకు ఇంటివారు మరియొక దారిన వెల చెల్లించినవారగుదురు.

చట్టము ఇందు కఠినముగ నున్నది. తెలిసి కాపీరైటును ఉల్లంఘించినవారికి 6 నెలల నుండి 3 సంవత్సరముల వరకు ఖైదును, 50,000 రూపాయల నుండి 2 లక్షల వరకు జరిమానాయు విధింపవచ్చును. వ్యాపారలాభము కొరకు కానిచో, కారణములు చూపి న్యాయస్థానము శిక్షను తగ్గింపవచ్చును. 2023లో సవరింపబడిన సినిమాటోగ్రాఫు చట్టము ప్రకారము థియేటరులో చిత్రమును దొంగతనముగ రికార్డు చేసినవారికి 3 నెలలకు తక్కువ కాని ఖైదును, 3 లక్షలకు తక్కువ కాని జరిమానాయు కలవు. మన తమిళనాడు ప్రభుత్వము 2004లోనే వీడియో దొంగప్రతులు చేయువారిని గూండాల నిరోధక చట్టము పరిధిలోనికి తెచ్చినది.

చిన్న పుస్తకము, పెద్ద నష్టము

కొందరు ఇట్లు వాదింతురు: "తోటలో మామిడికాయను కోసికొన్నచో తోటవానికి ఒక కాయ తరుగును. పుస్తకమును నకలు తీసికొన్నచో గ్రంథకర్త యొద్దనున్న పుస్తకము తరుగదు గదా! ఇక నష్టమెక్కడ?" ఈ వాదమునకు మన కృష్ణగిరి మామిడిరైతే చక్కని సమాధానము చెప్పగలడు. కాయ వెలలో ఆ యొక్క కాయయే లేదు. అంటు నాటి, కంచె వేసి, కాపునకు వచ్చువరకు నీరు పోసిన యేండ్లన్నియు అందున్నవి. పుస్తకము వెలలోను కాగితము పాలు కొంచెమే. వ్రాసినవాని ఏండ్ల శ్రమ, దిద్దినవాని, అచ్చుకూర్చినవాని పని అందు చేరియున్నవి. ఆ వెల రానిచో ఈ కాపు పోదు. మరుసటి కాపు పోవును.

ఇది అన్ని భాషలకును వర్తించు మాటయే. కాని చదువరులు తక్కువైన చోట దీని బరువు ఎక్కువ. ఒక లెక్క వేసి చూతము. మన ప్రాంతపు రచయిత యొకరు హోసూరు తెలుగులో కథలు వ్రాసి 500 ప్రతులు అచ్చొత్తించిరని యనుకొందము. ప్రతికి 60 రూపాయల చొప్పున ఖర్చు 30,000. వెల 100 రూపాయలు. అందు పుస్తకముల అంగడివారికి 30 పోగా రచయితకు వచ్చునది 70. కనుక 429 ప్రతులు అమ్ముడుపోయిననే పెట్టుబడి తిరిగివచ్చును. ఆ పుస్తకమునకు చదువరులు 500 మందియే యున్నారనుకొందము. అందరును కొన్నచో 35,000 వచ్చును. 5,000 మిగిలి రెండవ పుస్తకమునకు ఆధారమగును. వారిలో 100 మంది మాత్రము పి.డి.ఎఫ్. ప్రతితో సరిపెట్టుకొన్నచో వచ్చునది 28,000. రచయితకు 2,000 నష్టము.

లక్షలకొలది చదువరులు గల భాషాప్రాంతమున 100 మంది తగ్గినను లెక్కకు రాదు. మనకు ఆ 100 మందియే లాభనష్టముల మధ్య గీత. హోసూరు, డెంకణికోట, తళి, బాగలూరు, వేపనపల్లి ప్రాంతములలో ఇండ్లలో మాటలాడు తెలుగునకు దాని పలుకుబడి, దాని సామెతలు వేరుగ నున్నవి. వానిని విజయవాడలోనో హైదరాబాదులోనో ఎవరో వ్రాసి పంపరు, ఇచటివారే వ్రాయవలెను. 2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చిన పిదప మన పిల్లలకు తమిళమును నేర్చుట తప్పనిసరి యైనది. తెలుగు పుస్తకమునకు మిగులు తీరిక తగ్గినది. ఇట్టి స్థితిలో తెలుగుపై ప్రేమతోనే ఒకరు స్థానిక రచయిత పుస్తకమును పి.డి.ఎఫ్. చేసి నలుగురికి పంచినను, ఆ ప్రేమవలననే రెండవ పుస్తకము రాకుండ పోవచ్చును.

పుస్తకము దొరకనప్పుడు

అయినచో మనకు ఒక కష్టము కలదు. పెద్ద నగరములలో వలె తెలుగు పుస్తకము ఇచట అడుగడుగున దొరకదు. తెలుగు మాధ్యమ విద్యార్థికి పాఠ్యపుస్తకము దాటిన చదువునకు సాధనములు కొంచెము. మన ప్రాంతమున నకలు తీయువారిలో దురాశచే తీయువారికంటె అవసరముచే తీయువారే ఎక్కువగ నుందురు. అవసరమున్నవానికి చట్టము తలుపులన్నియు మూయలేదు. తెరచియున్న తలుపులను ఎరుగకపోవుటయే మన కొరత.

మొదటిది, గడువు తీరిన గ్రంథములు. వేమన, పోతన మొదలు కందుకూరి వీరేశలింగము, గురజాడ, గిడుగు, చిలకమర్తి వరకు గల వాఙ్మయమంతయు మనది. 1852 నాటి బ్రౌను తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును గూడ స్వేచ్ఛగా వాడుకొనవచ్చును. తెలుగు వికీసోర్సులో ఇట్టి గ్రంథములు అనేకములు ఉచితముగ చదువ దొరకును. ఒక జాగ్రత్త యవసరము: వేమన పద్యములు స్వేచ్ఛాధనమైనను, వానికి నేటి పండితుడు వ్రాసిన వ్యాఖ్యానము అట్టిది కాదు. త్యాగరాజ కీర్తన అందరిది; దానిని పాడి రికార్డు చేసినవారి రికార్డు వారిది.

రెండవది, విద్యకొరకు చట్టమే యిచ్చిన మినహాయింపు. స్వంత చదువునకు, పరిశోధనకు, విమర్శకు తగినంత మేరకు వాడుకొనుట తప్పు కాదు. పాఠము చెప్పు సందర్భమున ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని ప్రతి తీసికొనవచ్చును. పరీక్షాపత్రమున పద్యము నీయవచ్చును. ఢిల్లీ విశ్వవిద్యాలయమున పాఠ్యాంశమునకు కావలసిన భాగములను జిరాక్సు తీసి కూర్చి యిచ్చుటపై ప్రచురణకర్తలు వ్యాజ్యము వేయగా, 2016లో ఢిల్లీ హైకోర్టు విద్యార్థుల పక్షమున తీర్పు చెప్పినది. చూపులేని పిల్లలకు చదువ వీలగు రూపమున పుస్తకమును మార్చి యిచ్చుటకు 2012 సవరణము అనుమతించినది. పాఠశాల వార్షికోత్సవమున ఉపాధ్యాయులును విద్యార్థులును కలసి, తల్లిదండ్రుల యెదుట నాటకమాడుటకును మినహాయింపు కలదు. అదే నాటకమును వీడియో తీసి లోకమంతటికి యూట్యూబులో చూపవలెననిన, అది వేరు సంగతి. అప్పుడు నాటకకర్త అనుమతి కావలెను.

మూడవది, ప్రభుత్వమో గ్రంథకర్తయో స్వయముగ తెరచిన తలుపు. తమిళనాడు ప్రభుత్వము తన పాఠ్యపుస్తకములను అంతర్జాలమున ఉచితముగ ఉంచినది. 1949లో మద్రాసు ప్రభుత్వము మహాకవి సుబ్రహ్మణ్య భారతి రచనల హక్కులను స్వీకరించి అటుపై వానిని ప్రజాధనము చేసినది. నేటికిని తమిళ రచయితల గ్రంథములను, వారసులకు పరిహారమిచ్చి, జాతీయము చేయు పద్ధతి ఈ రాష్ట్రమున నున్నది. ప్రజలకు ఉచితముగ అందింపదలచిన ప్రభుత్వమే కర్త కుటుంబమునకు వెల చెల్లించుచున్నదనుట గమనింపదగినది. ఇచటి తెలుగు రచయితల గ్రంథములకును అట్టి ఆదరణ కోరుటకు మన తల్లిదండ్రుల సంఘములు పూనుకొనవచ్చును.

నాలుగవది మిక్కిలి సులభము; అడుగుట. గ్రంథకర్త జీవించియున్నచో ఒక ఉత్తరమో ఒక ఫోను పలకరింపో చాలును. "అయ్యా, మా పాఠశాలలో ఇరువదిమంది పిల్లలము మీ కథను చదువగోరుచున్నాము, ప్రతులు తీసికొనవచ్చునా?" అని యడిగినచో కాదను రచయిత అరుదు. పదిమంది కలసి రెండు ప్రతులు కొని వంతులవారీగ చదువుటయు, పాఠశాల గ్రంథాలయమునకు కొనిపించుటయు, తపాలాలో తెప్పించుకొనుటయు ఉండనే యున్నవి. కొన్న పుస్తకమును ఎరువిచ్చుట ఎన్నడును నేరము కాదు.

విద్యార్థులును హక్కుదారులే

ఈ చట్టము పెద్ద రచయితల కొరకే యని విద్యార్థులు తలపరాదు. ఈ సంచికలో అచ్చయిన మీ పద్యము, మీ చిత్తరువు మీవి. దానికై దరఖాస్తు అక్కరలేదు, రుసుము అక్కరలేదు, కాగితముపై పెట్టిన క్షణముననే హక్కు పుట్టును. మీ పేరు తీసివేసి మరియొకరు తమ పేర ప్రకటించినచో ఆక్షేపించు హక్కును గూడ చట్టము మీకిచ్చినది. ఒకరి రచనను అనుమతి లేక పంచుట ఒక దోషము. తన రచనగ చెప్పుకొనుట మరియొక దోషము. వ్యాసరచన పోటీకి అంతర్జాలమునుండి పుటలు దింపి పేరు వ్రాసికొనువారు ఈ రెండవదానిని చేయుచున్నారు. గడువు తీరిన గ్రంథమునుండి గ్రహించినను కర్త పేరు చెప్పుట మర్యాద.

మన యవ్వలు పాడు నాటుపాటలు, కూలిపాటలు ఏ యొక్కరివియు కావు, ఊరివి. కాని వానిని మీరు రికార్డు చేసినచో ఆ రికార్డునకు మీరు కర్తలు. ఎవరు పాడిరి, ఏ ఊరివారు, ఏనాడు పాడిరి అనునది వారి అనుమతితో వ్రాసియుంచుడు. పాటతోపాటు పాడినవారి పేరును నిలుపుట వారికి మనము చెల్లింపవలసిన వెల.

తల్లిదండ్రులకు మా విన్నపము ఇంతే. ఇంటిలో ఎవరైనను పుస్తకమునో చిత్రమునో మరొకరికి పంపబోవునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. దీని గడువు తీరినదా? చట్టము గాని కర్త గాని దీనిని ఇట్లు పంచుటకు ఒప్పుకొనిరా? కానిచో దీనికి వెల చెల్లించితిమా? మూడింటికిని కాదని సమాధానము వచ్చినచో, పంపక ఆగుడు. ఆ పుస్తకము ఎచట దొరకునో ఆ చిరునామాను పంపుడు. హోసూరులో తెలుగు కథ వ్రాయువారికి 500 మంది చదువరులున్నచో, వారిలో మన యిల్లు ఒకటి.